దేవునికి అప్పగించడం నేర్పిస్తామన్న మూడు రోజుల మౌన రిట్రీట్: వెళ్ళొచ్చాక నా మాట

ఈ రిట్రీట్‌కి వెళ్ళొచ్చా అని అడిగితే వెళ్ళమనే చెప్తాను. కానీ ఏం ఆశించి వెళ్ళాలి, అక్కడ ఏది దొరకదు, రెండో రోజు సాయంత్రం ఏ మాట విని నొచ్చుకోకుండా ఉండాలి, ఇవి ముందే తెలిస్తే మంచిది కాబట్టి కాస్త పెద్దగానే రాస్తున్నాను. నడిపేవాళ్ళ పేరు రాయను. లోపాలు కూడా చెప్పబోతున్నాను, వాళ్ళది చిన్న బృందం, వాళ్ళకి చెప్పాల్సింది విడిగా మెయిల్ రాశాను. ఇలాంటివి చాలామంది నడుపుతారు కాబట్టి, మీరు వెళ్ళేది వేరే రిట్రీట్ అయినా ఏం చూసుకోవాలో తెలుసుకోవడానికి ఇది పనికొస్తుంది.

నేనెందుకు వెళ్ళానో ముందు చెప్పాలి. మా అబ్బాయికి 26 ఏళ్ళు. రెండేళ్ళ క్రితం చర్చికి రావడం మానేశాడు, తర్వాత మాట్లాడటం తగ్గించాడు, ఆ తర్వాత ఫోన్ ఎత్తడం కూడా మానేశాడు. నేను రోజూ రాత్రి వాట్సాప్‌లో వాడి పేరు తెరిచి లాస్ట్ సీన్ చూసేదాన్ని. 11:52 అని కనిపిస్తే హమ్మయ్య, బాగానే ఉన్నాడు అనుకుని పడుకునేదాన్ని. ఎప్పుడో సాయంత్రం 6 గంటలకి చూసినట్టు ఉంటే ఇక తెల్లవార్లూ నిద్ర ఉండేది కాదు. ప్రార్థన చెయ్యలేదా అంటే గంటల తరబడి చేశాను. "ప్రభువా, వాణ్ణి నీ చేతికి అప్పగిస్తున్నాను" అని ఏడ్చి, ఆమేన్ అని, ఆ తడి కళ్ళతోనే మళ్ళీ ఫోన్ తీసేదాన్ని. ఎవరితో చెప్పుకున్నా "దేవునికి అప్పగించేయండి సిస్టర్" అనేవాళ్ళు. మంచి మాటే. ఎలా అప్పగించాలో మాత్రం ఒక్కరూ చెప్పలేదు. ఆ ఎలా అన్నది తెలుసుకోవడానికే వెళ్ళాను.

ఏర్పాట్ల గురించి ఎక్కువ చెప్పను. 18 మందిమి ఉన్నాం. వెళ్ళగానే ఫోన్లు తీసుకుని ఒక గుడ్డ సంచిలో వేసి, పైన పేరు రాసి, బీరువాలో పెట్టి తాళం వేశారు. అత్యవసరమైతే ఇంటివాళ్ళు ఫోన్ చెయ్యడానికి ఒక నంబరు ఇచ్చారు, ఆ నంబరు ముందుగానే ఇంట్లో ఇచ్చి రమ్మన్నారు. గదిలో మంచం, బల్ల, కుర్చీ, ఒక నోట్‌బుక్. పొద్దున ఒక వాక్య పాఠం, సాయంత్రం ఒకటి, రోజుకి అరగంట ఒక పెద్దావిడతో విడిగా మాట్లాడుకోవచ్చు, మిగతా సమయమంతా మౌనం. మౌనం అంటే భయపడేవాళ్ళకి ఒక మాట, మొదటి రోజు మధ్యాహ్నం వరకే కష్టం. మాట్లాడకపోవడం కంటే ఫోన్ లేకపోవడం ఎక్కువ బాధ పెట్టింది నన్ను. చెయ్యి దానంతట అదే పక్కకి వెళ్ళి వెతుక్కునేది.

మొదటి పాఠంలో పాటా లేదు, ప్రసంగమూ లేదు. రెండు అరచేతులూ పైకి తెరిచి మోకాళ్ళ మీద పెట్టుకుని 20 నిమిషాలు కూర్చోమన్నారు. ఇదేమంత పని అనుకున్నాను. కాసేపటికి చూసుకుంటే నా కుడిచేతి వేళ్ళు లోపలికి ముడుచుకుని ఉన్నాయి, నేను ముడిచినట్టు నాకు తెలియనే తెలియదు. తెరిచాను. అబ్బాయి గుర్తొచ్చాడు. మళ్ళీ చూస్తే మళ్ళీ ముడుచుకున్నాయి, ఈసారి బొటనవేలు లోపలే ఉంది, చంటిపిల్లల గుప్పిట లాగా. పెద్దావిడ ఆఖరున ఒకటే అన్నారు, "ముడుచుకున్నాయని మిమ్మల్ని మీరు తిట్టుకోకండి, తెలిసినప్పుడు తెరవండి, అంతే." ఆ తర్వాతి రెండు రోజుల్లో విన్నవన్నీ ఈ 20 నిమిషాల్లో నా చేతికి ముందే తెలిసిపోయినట్టు అనిపించింది.

ఇక వాక్య పాఠాలు. ఈ రిట్రీట్‌కి అసలు బలం ఇదే. మనకి కంఠతా వచ్చిన వాక్యాలనే తీసుకుని, చుట్టూ ముందు వెనక ఏముందో చూపించారు. మీ చింత యావత్తు ఆయన మీద వేయుడి అన్న వాక్యం, 1 పేతురు 5:7, మా ఇంట్లో గోడ మీద ఉంది. అందులో "వేయుడి" అన్నచోట ఉన్న గ్రీకు క్రియ కొత్త నిబంధన మొత్తంలో ఇంకొక్క చోటే వస్తుందట, లూకా 19:35లో, శిష్యులు తమ బట్టలు గాడిదపిల్ల మీద వేసి యేసుని ఎక్కించినప్పుడు. ఇది విన్నాక గోడ మీద వాక్యం నాకు వేరేగా కనిపించడం మొదలైంది. భుజం మీదున్న బట్ట తీసి గాడిద మీద వేస్తే ఇక అది మన భుజం మీద ఉండదు, గాడిదతో పాటే నడిచిపోతుంది. నేను ఇన్నాళ్ళూ బట్ట ఒక కొస గాడిద మీద వేసి రెండో కొస పట్టుకుని వెంట నడుస్తున్నానన్నమాట.

ఇంకోటి, ఆ 7వ వచనం విడిగా నిలబడే వాక్యం కాదు. గ్రీకులో 6వ వచనంతో ఒకే వాక్యంగా నడుస్తుంది, దేవుని బలిష్ఠమైన చేతి కింద తగ్గించుకోండి, మీ చింతని ఆయన మీద వేస్తూ, అని. అంటే చింత వేసెయ్యడం అనేది తగ్గించుకోవడంలో భాగం. నా చింత నా ప్రేమకి గుర్తు అనుకుంటూ వచ్చాను నేను. అందులో నేను లేకపోతే వాడేమైపోతాడో అన్న పెద్దరికం కూడా ఉందని ఎప్పుడూ అనుకోలేదు, ఆ పూట నోట్‌బుక్‌లో ఆ ఒక్క ముక్కే రాసుకున్నాను. వెంటనే వచ్చే 8వ వచనం మెలకువగా ఉండమంటుంది. కాబట్టి అప్పగించడం అంటే చేతులు ముడుచుకు పడుకోవడం అని ఎవరైనా చెప్తే పక్క వచనమే ఒప్పుకోదు.

కీర్తన 37:5లో నీ మార్గమును యెహోవాకు అప్పగింపుము అన్నచోట హెబ్రీలో ఉన్న మాటకి దొర్లించడం అని అర్థం. ఆదికాండము 29లో యాకోబు బావి మీద రాయిని పొర్లించినప్పుడు వాడిన క్రియ కూడా అదే. ఎత్తలేని దాన్నే కదా దొర్లిస్తాం. ఎత్తి దేవుని చేతిలో పెట్టేంత బలం లేదని ఏడుస్తూ కూర్చున్నదాన్ని నేను, ఎత్తమని ఎవరూ అడగలేదని తెలిసి చాలా తేలికయ్యాను. అలాగే కీర్తన 46:10, ఊరకుండుడి అన్న వాక్యం. పొద్దున పూట ప్రశాంతంగా ధ్యానం చేసుకోవడానికి రాసిన మాటలా వాడేస్తాం దాన్ని. పైన ఉన్న 9వ వచనంలో విల్లు విరవడం, బల్లెం నరకడం, యుద్ధం ఉంది. ఆ మధ్యలో దేవుడు చేతులు సడలించమంటున్నాడు, పట్టు వదలమంటున్నాడు. హెబ్రీ మాటకి ఆ అర్థం కూడా ఉంది. యుద్ధం అయిపోయాక చెప్పే మాటైతే మనకి దానితో ఏం పని.

రెండో రోజు పొద్దున మోషే తల్లి గురించి చెప్పారు. నాకు ఈ మూడు రోజుల్లో అన్నిటికంటే విలువైన గంట అదే. నిర్గమకాండము 2వ అధ్యాయం చిన్నప్పటి నుంచీ వింటున్న కథే. హెబ్రీయుల మగపిల్లల్ని చంపమని రాజాజ్ఞ ఉన్న రోజుల్లో యోకెబెదు మూడు నెలలు బిడ్డని దాచింది. ఇక దాచలేకపోయినప్పుడు జమ్ముపెట్టె తెచ్చి, దానికి జిగటమన్నూ కీలూ పూసి, అందులో పిల్లాణ్ణి పడుకోబెట్టి ఏటి ఒడ్డున జమ్ములో పెట్టింది. ఆ పెట్టెకి వాడిన హెబ్రీ మాట బైబిల్లో ఇంకొక్కదానికే ఉందట, నోవహు ఓడకి. రెండిటికీ కీలు పూసినట్టు రాసి ఉంది. చుక్కాని ఉన్నట్టు మాత్రం రెండిటిలో దేనికీ రాసి లేదు.

అక్కడ పెద్దావిడ ఆగిపోయారు. చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. నేను ఆ తల్లి చేతుల గురించే ఆలోచిస్తూ ఉండిపోయాను. కీలు పూస్తున్నప్పుడు ఎంత జాగ్రత్తగా పూసి ఉంటుంది, ఏ సందులోంచీ నీళ్ళు రాకుండా వేలితో అదిమి అదిమి చూసి ఉంటుంది, గోళ్ళలో ఆ నలుపు ఎన్నాళ్ళు ఉండిపోయి ఉంటుంది. అది ఆమె వంతు, అందులో ఏమాత్రం లోటు చెయ్యలేదు. పెట్టె ఎటు కదులుతుంది, ఎవరి కంట పడుతుంది అన్నది ఆమె చేతిలో లేదు. నేనేమో కీలు పూసే పని ఎప్పుడో వదిలేసి, లేని చుక్కానిని తిప్పుతూ కూర్చున్నాను. వాడితో చివరిసారి మామూలుగా, చర్చి ఊసు ఎత్తకుండా, ఎలా ఉన్నావు నాన్నా అని ఎప్పుడు అడిగానో గుర్తు తెచ్చుకోబోతే గుర్తు రాలేదు.

ఆ మధ్యాహ్నం నా అరగంట. నోట్‌బుక్‌లో పేజీ మధ్యలో గీత గీసి ఒక పక్క నా వంతు, ఇంకో పక్క ఆయన వంతు అని రాసుకు రమ్మన్నారు. నా వంతు కింద 14 రాశాను. వాడు చర్చికి తిరిగి రావడం, మంచి స్నేహితులు దొరకడం, వాడి మనసు మెత్తబడటం, ఇలా. పెద్దావిడ కళ్ళజోడు పెట్టుకుని ఒక్కొక్కటీ వేలు పెట్టి చదివారు. "ఇందులో రేపు పొద్దున లేచి నీ చేతులతో చెయ్యగలిగేది ఏది అమ్మా?" అని అడిగారు. చూసుకుంటే మూడే ఉన్నాయి. వాడి కోసం ప్రార్థన చెయ్యడం, నేను అన్న ఒక మాటకి క్షమాపణ అడగడం, వాడు ఎప్పుడు వచ్చినా తలుపు తెరిచి ఉందని వాడికి తెలిసేలా చెప్పడం. మిగతా 11 నన్నే గీత అవతలకి మళ్ళీ రాయమన్నారు. ఆవిడ రాయలేదు, నా చేతే రాయించారు. "వాడి మనసు మెత్తబడటం" అన్నది ఆయన వంతు కింద రాస్తున్నప్పుడు పెన్ను ఆగిపోయింది. ఆవిడ తొందర పెట్టలేదు. లూకా 15లో చిన్నకొడుకు వెళ్ళిపోతుంటే తండ్రి ఆస్తి పంచి ఇచ్చాడు, వెంటపడి దూరదేశం వెళ్ళలేదు, కానీ వాడు ఇంకా దూరంగా ఉండగానే చూసి పరుగెత్తాడు, వెతికే చూపు మానలేదు కాబట్టే కదా అంత దూరం నుంచి కనిపించాడు, అని మాత్రం చెప్పారు. రాశాను.

ఇప్పుడు రెండో రోజు సాయంత్రం సంగతి. సాక్ష్యాల కూటం పెట్టారు. ఒక యువకుడు లేచి, తను పూర్తిగా అప్పగించుకున్న వారంలోనే అనుకున్నవన్నీ జరిగిపోయాయని చెప్పాడు. ఆయన సంతోషం నిజమే, దానికి నేను ఏమీ అనను. కానీ ఆఖరున "మీలో ఇంకా భయం ఉందంటే మీరు ఇంకా అప్పగించలేదన్నమాట" అన్నాడు. నా పక్కన కూర్చున్న ఆవిడ అప్పటిదాకా తల ఎత్తి ఉంది, ఆ మాటతో దించేసింది. నడిపేవాళ్ళు ఎవరైనా లేచి సరిచేస్తారని చూశాను. ఎవరూ లేవలేదు. నాకు కోపం వచ్చింది, ఇప్పటికీ ఆ విషయంలో నాకు మనస్తాపం ఉంది.

ఎందుకంటే సిలువకి ముందు రాత్రి గెత్సేమనే తోటలో ప్రభువు భయం లేకుండా ప్రార్థించలేదు. దుఃఖంతో ప్రాణం పోయేంతగా ఉందని తనే చెప్పాడు. గెత్సేమనే అంటే నూనె గానుగ అని అర్థం, ఒలీవలని నలిపి పిండే చోటు. అక్కడ ఈ గిన్నె తొలగించమని అడిగి, నీ చిత్తమే జరగనీ అని, లేచి వచ్చి, మళ్ళీ వెళ్ళి, మూడోసారి కూడా అవే మాటలు చెప్పి ప్రార్థించాడని మత్తయి 26:44లో ఉంది. దేవుని కుమారుడే ఒక్క రాత్రిలో మూడుసార్లు అప్పగించుకుంటే, నేను రోజుకి పదిసార్లు అప్పగించాల్సి రావడం నా విశ్వాసం చిన్నదనడానికి రుజువు ఎలా అవుతుంది? ఇక అనుకున్నవన్నీ జరిగిపోతాయన్న మాటకి దానియేలు 3:18 చాలు. మా దేవుడు రక్షించగలడు, ఒకవేళ రక్షించకపోయినా నీ ప్రతిమకి మొక్కం, అన్నారు అగ్నిగుండంలో వేస్తానన్న రాజుతో షద్రకు, మేషాకు, అబేద్నెగో ముగ్గురూ. ఆ "ఒకవేళ" లేకుండా అప్పగింపు నేర్పితే, అది బేరం నేర్పడమే. చిత్రమేమిటంటే గెత్సేమనే పాఠం మర్నాడు పొద్దున వాళ్ళే చాలా బాగా చెప్పారు. వరస మార్చి ఆ పాఠం ముందు పెట్టి ఉంటే ఆ రాత్రి అంతమంది బరువెక్కిన మనసుతో పడుకునేవాళ్ళు కాదు.

ఇంకో లోటు ఉంది, దీన్ని తేలిగ్గా తీసుకోవద్దని నడిపేవాళ్ళకి కూడా రాశాను. ఇంట్లో దెబ్బలు తింటున్నవాళ్ళు, ఎవరో ఒకరి చేతిలో నలుగుతున్నవాళ్ళు ఇలాంటి చోటికి తప్పకుండా వస్తారు. వాళ్ళ చెవికి అప్పగించు, ఊరుకో అన్న మాటలు భరించు అన్నట్టే వినిపిస్తాయి. అందరి ముందూ ఒక్క నిమిషం ఈ తేడా చెప్పి ఉండాల్సింది. దావీదు దేవుణ్ణి నమ్మాడు, సౌలు ఈటె విసిరితే తప్పుకుని పారిపోయాడు కూడా. పౌలుని దమస్కులో గోడ మీద నుంచి గంపలో దింపారు, ఇంకోసారి కొరడాలతో కొట్టబోతుంటే నేను రోమీయుణ్ణి అని చట్టం గుర్తు చేశాడు. దేవునికి అప్పగించుకోవడం వేరు, కొట్టేవాడి చేతికి అప్పగించుకోవడం వేరు. అడిగితే పెద్దావిడ నాతో ఇదే అన్నారు, కానీ అడగలేనివాళ్ళ సంగతేమిటి? మందుల విషయంలో మాత్రం మెచ్చుకోవాలి. నిద్రకో ఆందోళనకో డాక్టర్ మందులు రాసిచ్చి ఉంటే ఒక్క పూట కూడా ఆపొద్దని ఫారంలోనే స్పష్టంగా రాశారు, వచ్చాక మళ్ళీ చెప్పారు.

మూడో రోజు పాత ప్రార్థనలు మూడు పరిచయం చేశారు. మొదటిది జెస్యూట్ సభని స్థాపించిన ఇగ్నేషియస్ లొయోలా రాసిన ఆత్మీయ సాధనల పుస్తకంలోది, 1548లో పోపు ఆమోదం పొందిన పుస్తకం అది. అందులో ఆయన తన స్వేచ్ఛనీ, జ్ఞాపకాన్నీ, బుద్ధినీ, చిత్తాన్నీ తీసుకోమంటాడు. రెండోది జాన్ వెస్లీ 1755లో మొదలుపెట్టిన నిబంధన ఆరాధనలోది, మెథడిస్టు సంఘాల్లో కొత్త సంవత్సరం వేళ ఇప్పటికీ చేస్తారు. పనిలో పెట్టినా పక్కన పెట్టినా సరే అని ఒప్పుకునే ప్రార్థన. మూడోది చార్లెస్ డి ఫూకో అనే ఫ్రెంచి క్యాథలిక్ గురువు పేరుతో వాడుకలో ఉన్నది. ఆయన సహారా ఎడారిలో ఏళ్ళ తరబడి ఉండి, 1916లో హత్యకు గురయ్యేనాటికి ఆయన కోరుకున్న సన్యాసుల సంఘమంటూ ఒకటి ఏర్పడలేదు. 2022లో పునీతుడిగా ప్రకటించారు. క్యాథలిక్, ప్రొటెస్టంట్ అని చూడకుండా మూడింటినీ పక్కపక్కన పెట్టడం నాకు నచ్చింది. కానీ ఒక్క గంటలో మూడు ప్రార్థనలు ఎలా మింగుడుపడతాయి? ఒక్కొక్క దానికీ ఒక పూట కావాలి. వెస్లీ ప్రార్థనలోని "పక్కన పెట్టినా సరే" దగ్గరే నేను ఆగిపోయాను, వాళ్ళు మూడోదానికి వెళ్ళిపోయారు. వాడి జీవితంలో నన్ను కొన్నాళ్ళు పక్కన పెడితే నాకు సరేనా, అన్నది నాకింకా తేలని ప్రశ్న.

ఆఖరు ప్రార్థన తర్వాత మొహంలో ఏదో వెలుగొస్తుందని, బరువంతా ఒక్కసారిగా దిగిపోతుందని అనుకుని వెళ్ళకండి. కొందరికి అలా జరిగింది. నాకు జరగలేదు. నాకు జరిగింది, బిడ్డ కోసం ఏడ్చి ప్రార్థించిన హన్నా విషయంలో జరిగినదానికి దగ్గరగా ఉంది. 1 సమూయేలు 1:18లో ఆమె లేచి వెళ్ళి భోజనం చేసింది, ఆ తర్వాత ఆమె ముఖం దిగులుగా లేదు. అప్పటికి బిడ్డ పుట్టలేదు, కడుపున కూడా పడలేదు. నేనూ ఆ రాత్రి ఏ వార్తా లేకుండానే నిద్రపోయాను, చాలా నెలల తర్వాత.

ఇది జరిగి నాలుగు నెలలైంది. రిట్రీట్ తర్వాత వాళ్ళ వైపు నుంచి పెద్దగా ఏమీ లేదు. ఒక గ్రూపులో రోజూ వాక్యం వస్తుంది, అంతే. నెలకొకసారైనా ఆ అరగంట మాట్లాడే ఏర్పాటు ఉంటే ఎంత బాగుండేదో, ఎందుకంటే అసలు కష్టం ఇంటికొచ్చాకే మొదలవుతుంది. నా మట్టుకు నేను ఆ గీత గీసిన పేజీ బైబిల్లో పెట్టుకుని పొద్దున ఒకసారి చూస్తాను, కొత్తగా ఏదైనా చింత మొదలైతే ఏ పక్క రాయాలో చూసుకుంటాను. అబ్బాయికి క్షమాపణ మెసేజ్ పంపాను, నాలుగే నాలుగు లైన్లు, చివర వాక్యం పెట్టకుండా. తొమ్మిది రోజులకి "సరేనమ్మా" అని వచ్చింది. ఇంకా ఫోన్ చెయ్యలేదు, చర్చి మాట దేవుడెరుగు.

ఐదుకి నాలుగు ఇస్తాను. ఆ ఒకటి తగ్గించింది ఆ సాయంత్రం సాక్ష్యానికీ, తర్వాత పట్టించుకోకపోవడానికీ. చింతతో నిద్ర లేనివాళ్ళకి, అప్పగించాను అప్పగించాను అంటూ మళ్ళీ వెనక్కి తీసుకుంటున్నవాళ్ళకి తప్పకుండా పనికొస్తుంది. ఈమధ్యే ఎవరినైనా పోగొట్టుకున్నవాళ్ళు మాత్రం కొన్నాళ్ళు ఆగండి, అంత మౌనం ఆ సమయంలో ఒంటరిగా మొయ్యడం కష్టం, ముందు మన మనుషుల మధ్య ఏడవాలి. వెళ్ళేవాళ్ళు రోజువారీ అరగంట వదులుకోవద్దు, పేరు ముందే రాయించుకోండి, మూడో రోజుకి ఖాళీ ఉండదు.

నా మెయిల్‌కి జవాబు వచ్చింది. సాక్ష్యం చెప్పేవాళ్ళతో ముందుగా కూర్చుని మాట్లాడతామన్నారు, దెబ్బలు తింటున్నవాళ్ళ విషయం మొదటి పాఠంలోనే చెప్తామన్నారు. నిన్న రాత్రి 11:40కి ఫోన్ చేతిలోకి తీసుకుని వాడి పేరు దాకా వెళ్ళాను. తెరవలేదు. బోర్లా పెట్టేసి, చీకట్లో అరచేతులు రెండూ తెరుచుకుని కాసేపు కూర్చున్నాను. కుడిచెయ్యి ఇంకా ముడుచుకుంటూనే ఉంది.